బిజినెస్ క్లాసుకు ఎన్ని భోజనాలు ఎక్కించాలి? కొసరు లెక్క, అంచెలంచెలుగా

మా మేనమామది పరకాల. కొడుకు డాలస్‌లో ఉంటాడు. మోకాళ్ళ నొప్పులున్న తండ్రి అన్ని గంటలు ముడుచుకొని కూర్చోలేడని ఒకసారి బిజినెస్ క్లాస్ టికెట్టు కొని పంపాడు. శనివారం రాత్రి ప్రయాణం. మామ శనివారం మాంసం ముట్టడు. వడ్డించే అమ్మాయి ఆయన వరుస దగ్గరికి వచ్చేసరికి శాకాహారం అయిపోయింది. కోడికూర, చేప మాత్రమే మిగిలాయి. బ్రెడ్డు, పెరుగు, నాలుగు పండ్ల ముక్కలతో సరిపెట్టుకున్నాడు. తిరిగివచ్చాక విమానసంస్థను ఒక్క మాట అనలేదు. నన్ను పట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు విమానాలకు వండి పంపే వంటశాలలోనే పనిచేశావు కదా అల్లుడూ. మన ఊళ్ళో అయిదు వందల మంది పెళ్ళికి వంటమేస్త్రి లెక్క తప్పడు. ముప్పై మందికి లెక్క కట్టలేరా మీరు?"

నిజానికి అయిదు వందల మందికి లెక్క కట్టడమే తేలిక. ముప్పై మందికి కష్టం, ఎనిమిది మందికి మరీ కష్టం. ఎందుకో మామకు ఆ పూట చెప్పలేకపోయాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి శంషాబాద్‌కో, దోహాకో, దుబాయ్‌కో విమాన వంటశాలల్లో ఉద్యోగానికి వెళ్ళే పిల్లలకు ఇది ముందుగా తెలిసి ఉంటే మంచిది. విందు వంటలు ఒప్పుకునేవారికీ చాలావరకు పనికొస్తుంది.

మొదటి అంచె: దేన్ని లెక్కపెడుతున్నారో విడదీయండి

"ముప్పై భోజనాలు" అని ఎవరైనా అంటే ఆ మాటకు వంటశాలలో అర్థం లేదు. పెళ్ళిలో విస్తరాకుల లెక్క వేరు, కూర లెక్క వేరు, అరిసెల లెక్క వేరు. ఇక్కడా అంతే. ట్రే మీద పేర్చే చల్లని పదార్థాలు, అంటే సలాడు, మొదట తినే చిరుతిండి, తీపి, మనిషికి ఒకటి చొప్పున ఉంటాయి. అందరికీ ఇంచుమించు ఒకటే కాబట్టి వాటికి పెద్దగా కొసరు అక్కరలేదు. తలనొప్పి అంతా వేడిచేసి పెట్టే ప్రధాన వంటకంతోనే, ఎందుకంటే ఎంచుకునే హక్కు అక్కడ ఉంది. అందుకే ట్రేలు ముప్పై వెళ్ళినా వేడి వంటకాలు ముప్పై ఆరు వెళ్ళవచ్చు.

సిబ్బంది భోజనాలు ఇంకో పద్దు. చాలా సంస్థల్లో పైలట్లిద్దరికీ ఒకే వంటకం పెట్టరు. ఒక దానిలో ఏదైనా తేడా చేస్తే ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదని. ఈ పద్దును ప్రయాణికుల పద్దులో ఎప్పుడూ కలపకండి. కలిపితే తరువాత కొసరు ఎంతో మీకే తెలియకుండా పోతుంది.

రెండో అంచె: తలల లెక్కను గంట గంటకూ దిద్దండి

విమానం తెల్లవారుజామున మూడు గంటలకు అనుకుందాం. వంటశాలకు మొదటి అంచనా రెండు మూడు రోజుల ముందే వస్తుంది. దాన్ని చూసి సరుకు తెప్పిస్తారు, వంట మొదలుపెడతారు. ప్రయాణికుల పేర్ల జాబితాను పరిశ్రమలో పీఎన్‌ఎల్ అంటారు. ఆ తరువాత చేరినవారిని, మానుకున్నవారిని తెలిపే సవరణ జాబితా ఏడీఎల్. ఈ సవరణలతో పాటే వంటశాల అంకె కూడా మారుతూ పోతుంది. ఎప్పుడు ఆపాలన్నది సంస్థకూ వంటశాలకూ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కానీ ఎక్కడైనా ఒక ఘడియ ఉంటుంది, ఆ తరువాత అంకె బిగుసుకుపోతుంది.

హన్మకొండ ప్రయాణికుడి వైపు నుంచి చూడండి. ఎనిమిదింటికి ఇల్లు కదిలి, స్టేషన్ ఘన్‌పూర్ దాటి, జనగామలో టీ తాగే సమయానికి శంషాబాద్ వంటశాలలో ఆయన ట్రే పేరుస్తున్నారు. భువనగిరి, ఘట్‌కేసర్ దాటి అవుటర్ రింగు రోడ్డు ఎక్కేసరికి ఆయన భోజనం శీతల గదిలో ట్రాలీలో ఉంది. ఇక కౌంటరు దగ్గర నిలబడి "నాకు శాకాహారం కావాలి" అంటే, వినే మనిషి చిరునవ్వు నవ్వగలడు తప్ప వంట చేయించలేడు.

బిగుసుకున్నాక కూడా తలలు మారతాయి, బాధ అదే. మొదటి విమానం ఆలస్యమై కనెక్షన్ అందనివారు, అసలు రానివారు తగ్గుతారు. ఎకానమీలో సీట్లకు మించి టికెట్లు అమ్మినందువల్ల సంస్థ బిజినెస్ క్లాసులోకి జరిపినవారు, కౌంటరు దగ్గర డబ్బు కట్టి మారినవారు, ఖాళీ ఉంటే ఎక్కే విమాన సిబ్బంది కుటుంబాలు పెరుగుతారు. కాబట్టి ముప్పై సీట్లలో ఇరవై ఏడు అమ్ముడుపోతే ఇరవై ఏడు అని రాయకండి. ఎకానమీ ఎంత నిండిందో చూడండి. అది పొంగిపొర్లుతుంటే మీ ఖాళీలు ఖాళీలు కావు. కొన్ని సంస్థలు ఈ బెడద పడలేక, ప్రీమియం క్యాబిన్‌కు, అంటే బిజినెస్, ఫస్ట్ క్లాసులకు, ఎప్పుడూ నిండు సీట్ల లెక్కనే ఎక్కిస్తాయి. చివరి క్షణంలో విమానమే మారి, ముప్పై సీట్ల చోట ఇరవై సీట్లది రావడం కూడా నేను చూశాను. ఆ రాత్రి శీతల గదిలో మా మేనేజరు మొహం ఇప్పటికీ గుర్తుంది.

మూడో అంచె: తేలిపోయినవారిని పక్కన పెట్టండి

ముందే చెప్పినవారి విషయంలో అంచనా అక్కరలేదు. ప్రత్యేక భోజనాలకు నాలుగు అక్షరాల సంకేతాలుంటాయి. మనవారు ఎక్కువగా కోరే భారతీయ శాకాహారం ఏవీఎంఎల్, జైన భోజనం వీజేఎంఎల్, ముస్లిం భోజనం ఎంఓఎంఎల్, చక్కెర వ్యాధి ఉన్నవారికి డీబీఎంఎల్. సాధారణంగా 24 గంటల ముందు చెప్పాలి. కొన్ని రకాలకు అంతకన్నా ముందే.

ఇక్కడ మన జిల్లాల పెద్దవాళ్ళు పడే గుంట ఒకటుంది. హెచ్‌ఎన్‌ఎంఎల్, అంటే హిందూ భోజనం. పేరు చూసి అది శాకాహారమే అనుకొని ఎంచుకుంటారు. కాదు. అది గొడ్డు మాంసం లేని మాంసాహార భోజనం. కోడో, మేకో, చేపో రావచ్చు. అమెరికాలో కూర్చొని తల్లిదండ్రులకు టికెట్టు కొనే పిల్లలు ఈ పొరపాటు చేయడం చాలాసార్లు చూశాను.

మామూలు వంటకాల్లోంచే ముందుగా ఎంచుకునే పద్ధతి ఇంకొకటి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి 'బుక్ ద కుక్' పేరున్నది. ఇలాంటివి ప్రయాణికుడికి మర్యాద అని ప్రకటనల్లో రాస్తారు. వంటశాల వైపు నుంచి అది లెక్కలోని తెలియనితనాన్ని తగ్గించే పని. ఎంతో అయిదో అంచెలో చూద్దాం.

నాలుగో అంచె: ఏ వంటకం ఎంతమంది అడుగుతారు?

ఒకే నిష్పత్తిని ఏడాదంతా వాడేవాడు హైదరాబాద్‌లో పనికిరాడు. మంగళవారం, శనివారం మాంసం తగ్గుతుంది. గురువారం సాయిబాబా భక్తులు మానేస్తారు. శ్రావణంలో, కార్తికంలో శాకాహారం ఒక్కసారిగా లేస్తుంది. దసరా వచ్చిందంటే తెలంగాణ మొత్తం మేకల మీద పడుతుంది. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళ గాలిలో పడితే అందరూ ఒకేసారి తింటారు. పంచాంగం పక్కన పెట్టుకొని పనిచేసే వంటశాల ప్రణాళికాకర్తను మీరు నమ్మవచ్చు.

వేళ కూడా చూడాలి. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు, యూరప్‌కు చాలా విమానాలు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. ఎక్కగానే దుప్పటి కప్పుకొని పడుకునేవారు చాలామంది. అయినా వారి భోజనం ఎక్కించకుండా ఉండలేం. ఎవరు పడుకుంటారో నేల మీద తెలియదు.

పాత విమానాల లెక్కలు చూసేటప్పుడు ఒక మోసం ఉంది, కొత్తవారందరూ అందులో పడతారు, నేనూ పడ్డాను. పోయిన వారం పద్దెనిమిది కోడికూరలు ఎక్కించారు, పద్దెనిమిదీ తిన్నారు. మీరు ఏమని రాసుకుంటారు? "కోడికూర గిరాకీ పద్దెనిమిది" అని. తప్పు. పద్దెనిమిది దగ్గర అయిపోయింది, అంతే. అడిగినవారు ఇరవై రెండుగురు కావచ్చు. మిగతా నలుగురు చేతికొచ్చింది తిన్నారు, వారు మీ పుస్తకంలో శాకాహారులుగా నమోదయ్యారు. ఖాళీ గిన్నె ఎప్పుడూ నిజం చెప్పదు. కాస్త మిగిలిన గిన్నె చెబుతుంది. అందుకే నిష్పత్తి కట్టేటప్పుడు, ఏ వంటకమూ అయిపోని విమానాల లెక్కలనే తీసుకోండి.

అయిదో అంచె: కొసరు కట్టడం

సంతలో కూరగాయలు తూచి పైన వేసే కొసరు దయ. ఇక్కడి కొసరు లెక్క. దాన్ని ఇలా కట్టాలి.

ఒక వంటకాన్ని సగటున ఎంతమంది అడుగుతారో తెలుసు. కానీ ఏ రోజూ సరిగ్గా సగటు రాదు, అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు ఎంతో తెలుసుకోవడానికి మూడింటిని గుణించండి: మొత్తం మంది, ఆ వంటకం కోరేవారి వంతు, కోరనివారి వంతు. వచ్చినదానికి వర్గమూలం తీయండి. అదే ఊగుడు. పది విమానాల్లో తొమ్మిదింటికి కొరత రాకూడదంటే, ఊగుడును 1.28తో (పదికి తొమ్మిది భరోసాకు గణాంక పట్టికల్లో ఉండే అంకె) గుణించి సగటుకు కలిపి, పై అంకెకు సరిచేయండి.

ముప్పై మంది, అందులో 60 శాతం కోడికూర, 40 శాతం శాకాహారం అనుకోండి. కోడికూర సగటు 18. ఊగుడు 30 × 0.6 × 0.4, అంటే 7.2కు వర్గమూలం, సుమారు 2.7. కలపాల్సింది 3.4. కాబట్టి కోడికూర 22. శాకాహారం సగటు 12, అదే ఊగుడు, కాబట్టి 16. మొత్తం 38. ముప్పై మందికి ముప్పై ఎనిమిది, అంటే దాదాపు 27 శాతం కొసరు.

ఇప్పుడు మామ అడిగిన పెళ్ళి. అయిదు వందల మంది, అదే నిష్పత్తి. కోడికూర సగటు 300, ఊగుడు సుమారు 11, కలపాల్సింది 14. కోడికూర 315, శాకాహారం 215. మొత్తం 530. కొసరు 6 శాతం. ఇక ఎనిమిది సీట్ల చిన్న ఫస్ట్ క్లాస్ తీసుకోండి. కోడికూర 7, శాకాహారం 5. ఎనిమిది మందికి పన్నెండు. కొసరు 50 శాతం!

వంటమేస్త్రి గొప్పవాడే, కాదనను. కానీ జనం పెరిగేకొద్దీ ఒకరి అటు, ఒకరి ఇటు కొట్టుకుపోతాయి. రెండు రెట్లు జనం వస్తే ఊగుడు రెండు రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లకన్నా తక్కువే పెరుగుతుంది. పైగా ఆయనకు ఇంకో వెసులుబాటు ఉంది. మూడో బంతికి కూర పలచబడితే పెరట్లో పొయ్యి ఇంకా ఆరలేదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున పెరడు లేదు.

ముప్పై మందిలో పన్నెండు మంది ముందే ఎంచుకున్నారనుకోండి. మిగిలిన పద్దెనిమిది మందికే ఊగుడు. కోడికూర 14, శాకాహారం 10, ముందే ఎంచుకున్నవి 12. మొత్తం 36. రెండు వంటకాలు తగ్గాయి, కొరత భయం పెరగకుండానే. వంటకాల సంఖ్య పెంచితే లెక్క ఎదురు తిరుగుతుంది. 45, 35, 20 శాతాలుగా మూడు వంటకాలు పెడితే 17, 14, 9, మొత్తం 40. మెనూ కార్డు మీద ప్రతి కొత్త పేరుకూ వంటశాల సుంకం కడుతుంది.

ఆరో అంచె: తప్పు ఎటు పడాలో నిర్ణయించండి

ఈ అంచె కోసమే ఇదంతా రాశాను.

తొమ్మిది విమానాలకు సరిపోవాలి, పదోదాన్ని వదిలేయవచ్చు అని పైన అనుకున్నాం. ఆ తొమ్మిది ఎక్కడిది? వ్యాపార గణితంలో దీన్ని పత్రికలమ్మేవాడి సమస్య అంటారు. పొద్దున ఎన్ని పేపర్లు తెచ్చుకోవాలి? మిగిలితే చిత్తుకాగితం, చాలకపోతే పోయిన బేరం. కొరతవల్ల వచ్చే నష్టాన్ని, కొరత నష్టం, మిగులు నష్టం రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు మిగిలిన వంటకం 600 రూపాయల నష్టం, కోపంతో దిగిన ప్రయాణికుడు 5,400 రూపాయల నష్టం అనుకుంటే, 5,400ను 6,000తో భాగిస్తే 0.9. పదిలో తొమ్మిది. ఈ అంకెలు లెక్క చూపడానికి పెట్టినవి. మీ సంస్థ తన అంకెలు వేసుకుంటుంది.

కానీ పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది, మన బంతి ఆగదు. కోడికూర తినేవాడు అది దొరక్కపోతే గొణుగుతూ పప్పు తింటాడు. శాకాహారి అది దొరక్కపోతే కోడికూర తినడు. పస్తుంటాడు. రెండు కొరతలూ ఒకటి కావు. ముప్పై ఎనిమిది ఎక్కించడానికి సంస్థ ఒప్పుకోదు, ముప్పై నాలుగే అని గీత గీస్తుంది అనుకోండి. నిష్పత్తి ప్రకారం పంచితే కోడికూర 20, శాకాహారం 14 అవుతుంది. నేనైతే కోడికూర 18, శాకాహారం 16 పెడతాను. అప్పుడు శాకాహారం చాలకపోవడం ఇరవై విమానాల్లో ఒకదానికి పరిమితమవుతుంది. బదులుగా పదింటిలో నాలుగు విమానాల్లో ఎవరో కొందరు కోడికూర అడిగి పనీరు తింటారు. ఫిర్యాదులు పెరుగుతాయి, పస్తులు తగ్గుతాయి. ఫిర్యాదుల పట్టిక మాత్రమే చూసే మేనేజరుకు ఇది నచ్చదు. నాకు ఆ వాదన రెండుసార్లు జరిగింది, ఒకసారి గెలిచాను.

మామకు జరిగింది ఇదే. ఆ విమానంలో కొసరు లేక కాదు, కొసరు కోడికూర వైపు పడింది. శనివారమని ఎవరూ చూడలేదు.

ఏడో అంచె: చోటు, బరువు, తిరుగు ప్రయాణం

వేడి వంటకాలు పట్టేది పొయ్యి అరల్లో. అరలు నిండాక లెక్క ఎంత చెప్పినా ఎక్కదు. బరువు సంగతి: ఎక్కువ దూరం వెళ్ళే విమానంలో అదనపు బరువు ప్రతి గంటకూ ఆ బరువులో సుమారు 3 శాతం ఇంధనం తాగుతుందని మోటుగా చెప్పుకోవచ్చు. నాలుగు వంటకాలకు అది లెక్కలోకి రాదు. రోజుకు వందల విమానాలు నడిపేవారికి వస్తుంది.

చిన్న దూరాల్లో తిరుగు ప్రయాణం భోజనాలు కూడా ఇక్కడే ఎక్కించి పంపుతారు. అవతలి ఊళ్ళో వంట ఖరీదు కావచ్చు, నమ్మకం లేకపోవచ్చు. అప్పుడు మీరు ఇంకా చెక్-ఇన్ కూడా కాని మనుషులకు లెక్క కడుతున్నారని గుర్తుంచుకొని కొసరు పెంచండి. వరంగల్ పక్కన మామునూరులో విమానాశ్రయం మళ్ళీ తెరుచుకుంటే మనకూ బహుశా ఈ పద్ధతే వస్తుంది. నిజాం కాలపు ఆ విమానాశ్రయానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. అయితే మొదట వచ్చేవి చిన్న విమానాలైతే వాటిలో ప్రీమియం క్యాబినే ఉండదు, ఈ వ్యాసంతో వాటికి పనిలేదు.

ఎనిమిదో అంచె: చలి గొలుసు

వండిన వెంటనే వేగంగా చల్లార్చి, విమానం దాకా చల్లగానే ఉంచి, గాలిలో మళ్ళీ వేడిచేస్తారు. విమానం గంటల తరబడి ఆలస్యమైతే ఎక్కించినదాన్ని దింపి కొత్తది పంపాల్సి రావచ్చు. ఆలస్యాలు ఎక్కువయ్యే పొగమంచు రోజుల్లో శీతల గదిలో కొంత నిలవ ఉంచండి. ఇంతకన్నా దీనిమీద చెప్పేది లేదు. ఉష్ణోగ్రత పట్టీ నింపడంలో బద్ధకం పనికిరాదు.

తొమ్మిదో అంచె: వడ్డన క్రమం

ఎంత బాగా లెక్క కట్టినా ఎవరో ఒకరు ఆఖరి బంతిలో కూర్చుంటారు. ఎవరు కూర్చోవాలన్నది కూడా నిర్ణయమే. కొన్ని సంస్థలు తరచుగా ప్రయాణించే సభ్యులను ముందు అడుగుతాయి. అమెరికాలో విమాన సంఖ్య సరి అయితే ముందు వరుస నుంచి, బేసి అయితే వెనుక వరుస నుంచి అడిగే పద్ధతి కూడా నడిచింది. నాకు ఇది నచ్చుతుంది. ఎప్పుడూ ఒకే వరుస నష్టపోదు.

అనుభవం ఉన్న సిబ్బంది వడ్డన మొదలుపెట్టకముందే మెనూ కార్డులిచ్చి అందరి కోరికలూ రాసుకుంటారు. శాకాహారం తక్కువ పడుతోందని తెలిస్తే, రెండూ తినగలవారిని ముందే మెల్లగా అటు మళ్ళిస్తారు. అదీ కుదరకపోతే ఎకానమీ నుంచి ఒక శాకాహార భోజనం తెచ్చి పింగాణీ పళ్ళెంలో సర్దుతారు, లేదా తమ భోజనమే ఇచ్చేస్తారు. మామ విమానంలో ఈ మూడింటిలో ఒక్కటి చేసినా ఆయన నన్ను నిలదీసేవాడు కాదు.

పదో అంచె: దిగాక

మిగిలినవి లెక్కపెట్టండి, వంటకం వారీగా. దానికన్నా ముఖ్యం, మొదట అడిగింది దొరకనివారు ఎంతమందో సిబ్బంది చేత రాయించండి. నాలుగో అంచెలో చెప్పిన మోసానికి విరుగుడు ఈ ఒక్క గడి. మిగిలింది ఎవరికైనా పెట్టవచ్చు కదా అని మన ప్రాణం కొట్టుకుంటుంది. కానీ అమెరికా, బ్రిటన్ వంటి చాలా దేశాల్లో విదేశీ విమానాల ఆహార వ్యర్థాన్ని, పశువుల రోగాలు వ్యాపిస్తాయన్న భయంతో, కాల్చివేయడమో ప్రత్యేకంగా పూడ్చివేయడమో చేయాలి. ముట్టని పళ్ళెమైనా అంతే.

ప్రయాణికుడి వంతు

ఈ ఏడాది మామ మళ్ళీ వెళ్ళాడు. ఈసారీ బిజినెస్ క్లాసే, ఈసారీ శనివారమే. గురువారం నాడు టికెట్టు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా బావమరిది తండ్రి కోసం జాగ్రత్తగా ప్రత్యేక భోజనం ఎంచి పెట్టాడు. ఏది? హిందూ భోజనం. ఇంకా రెండు రోజుల సమయం ఉంది కాబట్టి ఫోను చేసి దాన్ని ఏవీఎంఎల్‌కు మార్పించాను.

దిగగానే ఫోను చేశాడు. ప్రత్యేక భోజనాలు అందరికన్నా ముందు వడ్డిస్తారు కదా, ఆ సంగతి నేను చెప్పడం మరచిపోయాను. "మొదటి వరుస వాళ్ళకన్నా ముందు నాకే తెచ్చారు అల్లుడూ. నువ్వు ఎవరికో చెప్పి ఉంటావు."

నేను కాదనలేదు.